ఈశాన్యానికి పారిన పాలు

రండి, ఇట్లా దగ్గరగా వచ్చి కూర్చోండి. ఆ మూలన వద్దు, అక్కడి గోడకు ఇంకా కొంచెం చెమ్మ ఉంది, బట్టలకు సున్నం అంటుకుంటుంది. ఈ చాప మీదికి రండి. నేను చెప్పబోయేది పెద్ద సంగతేమీ కాదు. ఒక ముసలావిడ తన ఇంట్లో తన కాళ్ల మీద తాను బాత్రూముకు నడిచి వెళ్లగలదా లేదా అన్నదే సంగతి. ఆ కాస్త దాని కోసం మాకు ఒక వానాకాలమంతా పట్టింది.

ఆ ముసలావిడ మా అత్తమ్మ. ఆమెకు చూపు ఆనదు. వెలుగు ఉందా లేదా అన్నది తెలుస్తుంది, మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది, అంతకు మించి లేదు. అయినా వరంగల్‌లో మేమున్న కిరాయి ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. ఆ ఇంటి నేల గరుకు షాబాద్ బండలు. ఏ బండకు అంచు లేచింది, ఏ బండ మధ్యలో పల్లం పడింది, అన్నీ ఆమె అరికాళ్లకు తెలుసు. ఎడమ చెయ్యి గోడకు రాసుకుంటూ, కుడి చేతిలో వెదురు కర్రతో ఇల్లంతా తిరిగేది. పప్పు పొయ్యి మీద అడుగంటుతుంటే నాకంటే ముందు ఆమే వచ్చి దింపేది.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి, రిటైరై దిగిపోయాక, మడికొండ దగ్గర కొత్తగా లేస్తున్న ఇళ్లలో ఒకటి తీసుకుందామనుకున్నాం. ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు. అత్తమ్మను అడిగితే ఆమె కోరింది ఒక్కటే.

"నాకు పెద్దిల్లు ఒద్దు, చిన్నిల్లు ఒద్దు. నా చెయ్యి పట్టుకునే మనిషి అక్కెర లేని ఇల్లు కావాలె."

అందుకే హాలుకు ఆనుకొని బాత్రూము పెట్టించాం. కాలు తగిలి పడకుండా దానికీ వంటింటికీ గడపలు వద్దన్నాం. అత్తమ్మ మంచం నుంచి గోడ పట్టుకొని పది అడుగులు వేస్తే బాత్రూము తలుపు వస్తుంది. కాగితం మీద గీసిన గీతల్లో అంతా బాగానే ఉంది.

కట్టినతను మా పుట్టింటి వైపు మనిషి. తొర్రూరు దగ్గర మా ఊరికి పక్క ఊరు. మొదటి రోజే నన్ను అక్కా అన్నాడు, మా ఆయనను బావా అన్నాడు.

"అక్కా, నువ్వు మా దిక్కు ఆడబిడ్డవు. నీ ఇల్లు కట్టుడంటే నా ఇల్లు కట్టుకున్నట్టే. జర కూడ ఫికర్ పెట్టుకోకు."

నేను పొంగిపోయాను. ఆ వరసే తర్వాత మాకు అడ్డం పడింది. బిల్డరును అడగవచ్చు, నిలదీయవచ్చు. తమ్ముడినైతే ముందు కూర్చోబెట్టి చాయ్ ఇవ్వాలి, పిల్లలు బాగున్నారా అని అడగాలి. అవన్నీ అయ్యేసరికి మన నోట్లో ఉన్న మాట చల్లారిపోతుంది.

ఇక టైల్స్ వేసిన రోజు సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, కథంతా దీని మీదే నిలబడింది.

ఆ రోజు నేను ఫ్లాస్కులో చాయ్ పోసుకొని ఒక్కదాన్నే పనికాడికి వెళ్లాను. టైల్స్ మేస్త్రి ఉత్తరాది మనిషి. గడ్డం సగం నెరిసింది, నెమ్మదస్తుడు. అతనికి తెలుగు రాదు. నాకు వచ్చిన ఉర్దూ కూరగాయల బేరానికి సరిపోయేంత. అంతకు ముందు రోజే మా ఆడబిడ్డ ఫోన్లో చెప్పింది, ఇంటి నీళ్ల వాటం ఈశాన్యానికి ఉండాలి, లేకపోతే ఇంటికి అచ్చిరాదు అని. వాటం అంటే తెలుసు కదా, నీళ్లు దానంతట అవే జారిపోయేటట్టు నేలను ఒక పక్కకు ఒంచడం. ఆమె చెప్పింది వాకిట్లో నీళ్ల గురించి, మిద్దె మీద పడే వాన నీళ్ల గురించి. నేను మాత్రం సరిగ్గా హాల్లో, బాత్రూము తలుపు ముందు నిలబడి, కుడి చెయ్యి చాచి ఈశాన్యం మూలను చూపించాను.

"పానీ ఇధర్ జానా. ఉధర్ నై. ఇధర్."

అతను నా చెయ్యి వైపు చూశాడు, మూల వైపు చూశాడు, మళ్లీ బాత్రూము వైపు చూశాడు. ఏదో అడగబోయినట్టు అనిపించింది. నేను మళ్లీ గట్టిగా చూపించాను. "ఠీక్ హై అమ్మా" అన్నాడు. నేను చాయ్ పోసి ఇచ్చి, ఒక మంచి పని చేసుకొచ్చానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

ఎండాకాలం చివరలో ఇంట్లో పాలు పొంగించాం. గ్యాసు పొయ్యి మీద కాదు, నేల మీద మూడు ఇటుకలు పెట్టి పుల్లల మంట మీదే పొంగించాలని అత్తమ్మ పట్టుబట్టింది. వంటింట్లో ఇటుకలు పేర్చి, కొత్త గిన్నెలో పాలు పోశాను. చుట్టాలంతా చుట్టూ నిలబడ్డారు. పాలు పొంగి గిన్నె అంచు దాటి నేల మీద పడ్డాయి. పడ్డచోట ఆగలేదు. సన్నని ధారగా సాగి వంటింటి తలుపు దాటాయి, హాల్లోకి వచ్చాయి, ఎవరో చెయ్యి పట్టుకొని తీసుకుపోతున్నట్టు నేరుగా ఈశాన్యం మూలకు, దేవుడి పటాలు పెట్టిన చోటికి పోయి నిలిచాయి.

మా ఆడబిడ్డ రెండు చేతులూ జోడించింది. "వదినా, సూడు. లచ్చిమి తొవ్వ ఎతుక్కుంట పోతాంది."

పూజ చేయించిన అయ్యగారు కూడా శుభం అన్నారు. బిల్డరు అక్కడే ఉన్నాడు, పట్టు పంచె కట్టుకొని. "నేను చెప్పలే అక్కా?" అన్నాడు. అత్తమ్మకు కనిపించదు కాబట్టి పాలు ఎంత దూరం పోయాయో నేనే వర్ణించి చెప్పాను. ఆమె ఒక్క మాట అడిగింది.

"పాలు గంత దూరం ఎట్ల పోయినయే? నేల సాఫుగ లేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత ఎన్నిసార్లు తలచుకున్నానో ఆ మాటను. కళ్లున్న ఇరవై మందిమి ధారను చూసి మురిసిపోయాం. నేలను గురించి అడిగింది ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున మా ఆయన మొదటి స్నానం చేశాడు. రెండో బకెట్ పోసుకునేసరికి నీళ్లు తలుపు కింద నుంచి హాల్లోకి వచ్చాయి. బాత్రూములో నీళ్లు పోయే జాలి వెనక గోడ దగ్గర ఉంది. నీళ్లు మాత్రం దానికి వీపు తిప్పి, నిన్న పాలు నిలిచిన మూలకే సబ్బు నురగతో సహా వచ్చాయి. దేవుడి పటాల కింద మడుగు కట్టింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ మంచం దిగింది. గోడ పట్టుకొని నాలుగో అడుగు వేసిందో లేదో, నున్నటి టైలు, సబ్బు నీళ్లు, కాలు జారింది. గోడకున్న కిటికీ చువ్వ చేతికి దొరికింది కాబట్టి నడుము విరగలేదు. కింద కూలబడి, తడిసిన చీరతో కాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఒంటరిగా మంచం దిగడం మానేసింది.

మీరు గమనించారో లేదో, పెద్దవాళ్లు ఒకదానికి భయపడితే అది నోటితో చెప్పరు. ఆమె నీళ్లు తాగడం తగ్గించింది. పొద్దున చాయ్ సగం వదిలేసేది. మజ్జిగ ఇస్తే "ఆకలి లేదు" అనేది. నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. మాటిమాటికీ నన్ను పిలిచి చెయ్యి పట్టుకొమ్మని అడగడం ఇష్టం లేక, అవసరాన్నే తగ్గించుకుంటోంది. ఎండలకు పెదవులు పగిలినా చెంబు ముట్టేది కాదు.

మా ఆయన దగ్గర ఒక ఉక్కు గోళీ ఉంది. డిపోలో పారేసిన పాత బేరింగులోంచి తీసి పెట్టుకున్నాడు. దాన్ని హాల్లో ఎక్కడ పెట్టినా దొర్లుకుంటూ ఈశాన్యానికే పోయేది. బాత్రూములో పెడితే తలుపు దాటి బయటకు వచ్చేది. ఫోన్ చేసి బిల్డరును పిలిపించి, అతని ముందే గోళీ వదిలాడు. అది పోయి దేవుడి పటాల కింద టక్కుమని ఆగింది.

"కొత్తిల్లు బావా" అన్నాడు అతను. "నేల జర సర్దుకుంటది."

మంచం మీద నుంచి అత్తమ్మ అంది, "నేల సర్దుకునేదాక నన్ను మంచంల సర్దుకోమంటవా కొడుకా?"

అతను నవ్వి, చాయ్ తాగి, తలుపు దగ్గర టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూయించి వెళ్లాడు. తెల్ల సిమెంటు పూస్తే వాటం మారుతుందా? వానలు పడ్డాక గోడల్లో చెమ్మ దిగింది, పెయింటు పొక్కులు లేచింది. వచ్చి దాని మీదే ఇంకో పూత వేయించాడు. తలుపు ఉబ్బి పడకపోతే అంచు చెక్కించాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, "రేపు వస్త అక్కా." అతని రేపులన్నీ కలిపితే మా ఆయన ఇంకో ఉద్యోగం చేసి దిగిపోయేంత కాలం అయ్యేది.

మా ఆయన ప్రతిసారీ ఆ మేస్త్రిని తిట్టేవాడు. "కండ్లు నెత్తిల పెట్టుకొని ఏసిండు. నీళ్లు జాలి దిక్కు పోవాలె అన్నది తెల్వదా ఆనికి?" నేను వింటూ కూరగాయలు తరిగేదాన్ని. నా కుడి చెయ్యి నాకు బరువుగా తోచేది. చెప్పాలని నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? తప్పంతా మన మీదే వేసుకున్నట్టు అవుతుంది, బిల్డరు చేతులు దులుపుకుంటాడు, అత్తమ్మ మంచం మీదే ఉండిపోతుంది. నా భయానికి నేను పెట్టుకున్న పేరు అది. అసలు సంగతి, నా వల్ల ఆమె పడిందని ఆమెకు తెలియడం నాకు ఇష్టం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తమ్మ కర్ర మంచం కిందికి జారిపోయింది. ఆమె వంగి తీసుకోబోతుంటే కర్ర కొస నేలకు తగిలింది. ఆగింది. మళ్లీ కొట్టింది. పక్కన కొట్టింది.

"పిల్లా, జర ఇటు రా. ఈ బండ కింద ఏం లేదు."

"ఏం లేకపోవుడేంది అత్తమ్మా?"

"డొల్ల. అంగట్ల కుండ కొనేటప్పుడు కొట్టి సూడమా? ఇది పగిలిన కుండ లెక్క మోగుతాంది. దాని పక్కది మంచిది. విను."

నేను కూర్చుని విన్నాను. నిజమే. ఒకటి గట్టిగా టక్కుమంటోంది, ఒకటి లోపల గాలి ఉన్నట్టు డబ్బుమంటోంది. టైలు కింద అంతటా సిమెంటు పెట్టకుండా మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి అతికించేశారన్న మాట. నేను ముగ్గు గీసే సుద్దముక్క తెచ్చాను. ఆమె ఎడమ చెయ్యి నా భుజం మీద వేసి, పడిన రోజు తర్వాత మొదటిసారి ఇల్లంతా నడిచింది. కొడుతూ, వింటూ, తీర్పు చెబుతూ.

"మంచిది. డొల్ల. మంచిది. ఇది సగం డొల్ల, ఓ మూలకు మాత్రం ఏసిండు. ఇది ఉత్త డొల్ల."

డొల్ల అన్నదానికల్లా నేను సుద్దతో సున్నా చుట్టాను. మా ఆయన బయటి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది, అత్తాకోడండ్లు ఇంట్ల తొక్కుడుబిళ్ల ఆడిర్రా?"

"నీ కొత్తిల్లు ఏమంటాందో విన్నం కొడుకా" అంది అత్తమ్మ. "శానా మాట్లాడుతాంది."

ఆ సున్నాలు తుడవకుండా బిల్డరును పిలిచాం. ఈసారి మా ఆయన వరస పక్కన పెట్టాడు. "బావా అనుడు బంద్ చెయ్యి. వచ్చి నా నేల సూడు" అన్నాడు ఫోన్లో. అతను వచ్చాడు. వెంట ఆ టైల్స్ మేస్త్రిని తీసుకొచ్చాడు. నేల మీద సున్నాలు చూసి బిల్డరు మొహం మారింది. మారిన మొహాన్ని మేస్త్రి వైపు తిప్పాడు.

"అంత ఈయన చేసిన పని బావా. నాకు ఎర్కనే లేదు. ఈ దినం సంది ఈయన్ని పనిలకెళ్లి తీసేస్తాన్న."

మేస్త్రికి మాటలన్నీ అర్థం కాలేదు గాని, తీసేయడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అతను నా వైపు చూశాడు. మొహం వైపు కూడా కాదు, నా కుడి చెయ్యి వైపు చూసి తల దించుకున్నాడు.

ఇంకేం దాచను? "ఆయన్ని తియ్యకు తమ్మీ" అన్నాను. "వాటం అటు పెట్టుమన్నది నేను."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వా?"

"నేనే. ఈన్నే నిలవడి, ఈ చేత్తోని సూపిచ్చిన. వాకిలి నీళ్ల సంగతి నా మనసుల ఉండె. ఆయన ఇంట్ల నీళ్లనుకున్నడు. అత్తమ్మ పడ్డది నా చెయ్యి వల్లనే."

బిల్డరు మొహంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. "సూసినవా బావా. అక్కనే చెప్పిందట. మీరు చెప్పినట్టే చేసినం. ఇగ నేనేం జెయ్యాలె?"

నేను భయపడినంతా అయింది. అప్పుడు అత్తమ్మ మంచం మీద నుంచి కర్ర చాచి ఒక సున్నా మీద కొట్టింది. డబ్బుమంది.

"కొడుకా, అది చెయ్యి సూపిచ్చింది. సరే. మరి ఈ బండ కింద సిమెంటు పెట్టకుమని ఎవలు చెయ్యి సూపిచ్చిర్రు?"

ఆమె ఇంకోటి కొట్టింది, ఇంకోటి కొట్టింది.

"అది సదివింది మూడో తరగతి. ఇల్లు కట్టేటోడివి అదా, నువ్వా? మేస్త్రులకాడ నీళ్ల పైపు ఉంటది కదా, రెండు దిక్కుల పట్టి వాటం సూసేది. ఆ దినం దాన్ని ఒక్కపారి పట్టి సూసినవా?"

అతను నేల మీది సున్నాలు చూస్తూ అన్నాడు, "ఆ దినం నేను రాలె అత్తమ్మా. ఇంకో కాడ స్లాబు పడుతుండె. ఈయన అడుగుదామంటే నా ఫోన్ కలవలేదట."

అతను మా ఇంట్లో చెప్పిన మొదటి నిజం అది. నా నిజం బయటపడ్డాకే అతని నిజానికి దారి దొరికిందేమో అనిపిస్తుంది నాకు. అంతవరకూ ఎవరి తప్పును వాళ్లం ఇంకొకరి మీదికి వాటం పెట్టి పారిస్తూ వచ్చాం. చివరికి అవన్నీ పోయి నిలిచింది ఆ నెరిసిన గడ్డం మేస్త్రి దగ్గర.

మేస్త్రిని పనిలోంచి తీసేయలేదు. ఆ వారంలోనే బాత్రూము నేలంతా పగలగొట్టారు. తలుపు దగ్గర హాల్లోని టైల్స్ కూడా లేపారు. కింద చూస్తే అత్తమ్మ చెప్పినట్టే ఉంది, ఎక్కడ డొల్ల అందో అక్కడ ఉత్త ఇసక. బిల్డరు ఈసారి తానే వచ్చి కూర్చున్నాడు. నీళ్లు నింపిన సన్నటి పైపు ఒక కొస అతను, ఒక కొస మేస్త్రి పట్టుకొని గోడ మీద గీతలు పెట్టుకున్నారు. కొత్త టైల్స్ పరిచేముందు మేస్త్రి నన్ను పిలిచాడు. మీసాల్లో నవ్వు దాచుకుంటూ అడిగాడు.

"అమ్మా, పానీ కిధర్?"

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. "నాకు ఎర్కలే. ఆయన్ని అడుగు" అని తలతోనే బిల్డరును చూపించాను.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన అన్నాడు, "నువ్వు చెయ్యి సూపిచ్చిన ముచ్చట నాకు ముందుగాలనే చెప్పరాదు?"

"చెప్తే ఏం చేస్తుంటివి?"

కప్పు కింద పెట్టాడు. "తిట్టేటోన్ని. తిట్టి, మళ్ల వానికే ఫోన్ చేసేటోన్ని."

అన్నీ బాగయ్యాయని చెప్పను. హాలు ఇప్పటికీ ఆ మూలకు ఒంగే ఉంది. నేల తుడిస్తే నీళ్లు అటే పోతాయి, అక్కడొక గుడ్డ ఎప్పుడూ పెట్టి ఉంచుతాను. ఈ గోడ చెమ్మ మీరు చూస్తూనే ఉన్నారు. దానికి బిల్డరు ఇంకా రేపే వస్తానంటున్నాడు. డొల్ల టైల్స్ చాలావరకు మార్చారు. వంటింటి తలుపు దగ్గరి రెండు లేపబోతుంటే అత్తమ్మే వద్దంది.

"గవి రెండు ఉండనియ్యుండ్రి. మోగితే వంటిల్లు వచ్చిందని నాకు ఎర్కైతది."

"తప్పు పనిని గట్ల ఇడిసిపెడ్తరా అవ్వా?" అన్నాడు మా ఆయన.

"తప్పు తప్పే. నేను ఆనికి మాపు చేసిన అంటలేను. నాకు పనికొస్తాంది, అంతే."

టైల్స్ ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పొద్దున మా ఆయన స్నానం చేసి వచ్చాక, నేను ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. వంటింట్లో నిలబడి చెవులు మాత్రం హాల్లో పెట్టాను. మంచం కిర్రుమంది. కర్ర టక్కుమంది. గోడకు అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. నేను లోపలే లెక్కపెడుతున్నాను. నాలుగో అడుగు దగ్గర ఆగింది. పడిన చోటు అదే. పాదంతో నేలను అటూ ఇటూ రాసి చూసినట్టుంది. తర్వాత అయిదు, ఆరు. పదో అడుగుకు తలుపు తీసిన చప్పుడైంది. లోపల నీళ్లు పోసుకోవడం, అవి వెనక గోడ దిక్కు జాలిలోకి గుడగుడమని దిగడం. మళ్లీ తలుపు. మళ్లీ పది అడుగులు.

నేను వచ్చి చూసేసరికి మంచం మీద కూర్చుని, ఒక కాలు పైకెత్తి అరికాలిని చేత్తో తడిమి చూసుకుంటోంది. పొడిగా ఉంది. నేను వచ్చానని తెలుసు, నా వైపు తిరగలేదు.

"పిల్లా, దూప అయితాంది. చెంబు నిండ నీళ్లు ఇయ్యి."

ఇచ్చాను. మధ్యలో ఆపకుండా చెంబెడూ తాగింది. ఖాళీ చెంబు నాకు అందిస్తూ, అందుకోబోయిన నా కుడి చెయ్యిని ఒకసారి పట్టుకొని వదిలింది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో పోసిన నీళ్లు పోవాల్సిన చోటికే పోవాలి. మీ కాళ్ల కింద నేల గట్టిగా మోగాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి చెయ్యీ అడగకుండా, తడవని పాదాలతో వెళ్లి రావాలి, దాహం వేసినంత నీళ్లు తాగాలి. మీ గడపలన్నీ చల్లగా ఉండాలి.